అడవికోడి గుడ్లు ఊరికోడి కింద పొదిగిస్తే పిల్లలు పెంపుడువైపోతాయా?

సీతంపేట_దారి:
అడవికోడి గుడ్లు తెచ్చి నాటుపెట్ట కింద పెడితే, పిల్లలు గంప కిందే పెరుగుతాయి కాబట్టి అవీ ఇంటికోళ్ళే అయిపోతాయని మన కొండదిగువ ఊళ్ళలో అంటుంటారు. నిజమేనా? మనిషి కోడినీ మేకనీ మొదట ఇలాగే దారికి తెచ్చుకున్నాడా? మరి ఏనుగు?

పెరటిపుంజు:
ముందు ఒక మాట. గుడ్లు తేవద్దండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

ఇక విషయం. పిల్లలు పెట్ట వెంట తిరుగుతాయి, నూకలు తింటాయి. అంతవరకు నిజమే. గుడ్డు పగిలిన మొదటి రోజుల్లో కళ్ళముందు కదిలేదాన్ని తల్లి అనుకోవడం ఏ కోడిపిల్లకైనా పుట్టుగుణం. రెక్కలొచ్చాక చూడాలి అసలు సంగతి. చెయ్యి ఎత్తితే చెట్టెక్కుతాయి, గూట్లో మూస్తే తల పైకప్పుకేసి కొట్టుకుంటాయి. పెంపకం మారింది గాని రక్తం మారలేదు. మచ్చిక ఒక్క జీవికి జరిగేది, దాని పిల్లతో పని మళ్ళీ మొదటికొస్తుంది. పెంపుడుజాతి కావడం తరాల మీద జరిగేది.

ఇంటికోడివేనని గట్టిగా చెప్పగలిగిన ఎముకల్లో బాగా పాతవి థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్‌లో దొరికాయి, క్రీ.పూ. 1650–1250 నాటివి. అక్కడ గుడ్లు ఎవరో ఎత్తుకొచ్చి పొదిగించారనుకోనక్కర్లేదు. మెట్ట వరి, కొర్ర చేలల్లో రాలిన గింజ కోసం అడవికోడి తానే దిగివచ్చి ఉంటుందన్నది ఇప్పుడు బలమైన వాదన, నాకూ అదే సబబనిపిస్తుంది. బెదురు ఎక్కువున్నది అలికిడికే పారిపోతుంది. తక్కువున్నది కడుపునిండా తిని ఎక్కువ పిల్లల్ని లేపుతుంది. వడపోత కళ్ళంలోనే మొదలవుతుంది.

స్వీడన్‌లో లింషోపింగ్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎర్ర అడవికోళ్ళలో మనిషికి తక్కువ బెదిరేవాటినే తరం తర్వాత తరం జతకట్టించారు. కొన్ని తరాలకే ఒళ్ళు బరువెక్కింది, గుడ్డు పెద్దదైంది, ఒంటితో పోలిస్తే మెదడు చిన్నదైంది. బరువు చూసి ఎవరూ ఎంచలేదు, బెదురు ఒక్కటే చూశారు.

నాగావళి_గట్టు:
నక్కలతోనూ ఇదే చేశారు. 1959లో రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో జన్యుశాస్త్రవేత్త బెల్యాయెవ్ మొదలుపెట్టాడు. పిల్లకు నెల నిండగానే ఒక చేత్తో మేత చూపించి, రెండో చేత్తో నిమరబోయేవారు. కరవనివాటిలోంచి మగవి నూటికి 5, ఆడవి 20 మించకుండా ఉంచేవారు. ఆరో తరానికి మనిషి కనబడితే తోక ఊపి, మూలిగి, చెయ్యి నాకే పిల్లలు పుట్టాయి. తర్వాత నుదుటి మీద తెల్లమచ్చ, వాలిన చెవులు కూడా వచ్చాయి.

గొర్రెలమంద:
మచ్చల దగ్గర కొంచెం ఆగాలి. ఆ నక్కలు అడవిలో పట్టినవి కావు. బొచ్చు కోసం నక్కల్ని పెంచే కెనడా ఫారాల్లో అప్పటికే కొన్ని తరాలు పెరిగినవాటి సంతతి, మచ్చలవి అక్కడే ఉండేవి. గుణం మారిందన్నది నిజం, రూపమంతా దానివల్లే మారిందనడం మాత్రం ఎక్కువ.

మేక కథ వేరు. అది వేట నుంచి వచ్చింది. ఇరాన్ జాగ్రోస్ కొండల్లో గంజ్ దరేలో సుమారు 10,000 ఏళ్ళనాటి ఎముకలున్నాయి. వాటిని బట్టి చూస్తే పోతుపిల్లల్ని లేతగానే కోసేశారు, ఆడవాటిని ముదిరేదాకా ఉంచారు. ఇప్పటికీ మన మందల్లో చేసేది అదే. పోతులు సంతకు, పెంటి మేకలు మందకు. ఏ పోతును ఉంచాలో మనిషి తేల్చిన రోజే మేక మనిషిదైంది.

ఏనుగు దగ్గర ఈ పని సాగదు. చూలు 22 నెలలు, తొలి ఈతకు పదిహేనేళ్ళు అటూ ఇటూ. నక్కలకు ఆరేళ్ళలో అయ్యే తరాలు దీనికి నూరేళ్ళు. అందుకే ఎప్పుడూ అడవిలోది పట్టి మచ్చిక చేశారు గాని జాతి మారలేదు.

సీతంపేట_దారి:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలండీ. పెరట్లో నాటుకోళ్ళకూ ఈ వడపోత పనికొస్తుందా?

పెరటిపుంజు:
పనికొస్తుంది. మూడో నెలలో అరచేతిలో గింజలు పోసుకుని కదలకుండా కూర్చోండి. ముందొచ్చి తినే పెట్టల గుడ్లే పొదగెయ్యండి. పుంజు దగ్గరే చాలామంది పొరబడతారు. మనిషి మీదికి ఎగిరేదాన్ని ధైర్యం అనుకుని ఉంచేస్తారు. అది బెదురు లేకపోవడం కాదు, పొగరు. పిల్లలకూ వస్తుంది. పది పెట్టలకు ఒక పుంజు చాలు, రెండేళ్ళకోసారి దాన్ని వేరే ఊరిదానితో మార్చండి. లేదంటే తన పిల్లల్నే తొక్కి, మురిగిన గుడ్లు పెరుగుతాయి.

ఊరి పుంజుల్ని అడవి అంచుకు వదలొద్దు. అవి అడవిపెట్టల్ని తొక్కి ఆ జాతిని కలిపేస్తున్నాయి. అసలైన అడవిపుంజు వానాకాలంలో మెడ మీది బంగారు ఈకలు రాల్చి నల్లటి పొట్టి ఈకలు తొడుగుతుంది. ఏడాది పొడుగునా బంగారు మెడతోనే తిరిగేదాంట్లో ఊరి రక్తం కలిసిందనే లెక్క.