రొయ్యల ప్లాంటుకు ఆడిట్ వస్తోంది, మా వదిన నిజం చెప్తే పని పోతుందా?

అందరికీ నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా వదిన ఆరేళ్లుగా రొయ్యల ప్లాంటులో పీలింగ్ పనికి వెళ్తోంది. రోజంతా ఐస్ నీళ్లలో చేతులు పెట్టి తలలు తీయాలి, పొట్టు ఒలవాలి. వేళ్ల సందులు ఒరిసిపోయి, అన్నం కలుపుకుంటే మంట అని స్పూన్‌తో తింటోంది. ఆ సరుకు అమెరికా వెళ్తుంది.

వచ్చే వారం విదేశీ కొనుగోలుదారు తరఫున ఆడిట్, అంటే పని పరిస్థితుల తనిఖీ, ఉందట. ఎనిమిది గంటలే పని, పీఎఫ్ కడుతున్నారు అని చెప్పమని మేస్త్రీ ముందే నేర్పించాడు. నిజానికి సీజన్‌లో పన్నెండు గంటలు అవుతుంది. ఓవర్‌టైమ్‌కు చట్టం ప్రకారం రెట్టింపు రావాలి, ఇచ్చేది మామూలు కూలీయే. పీఎఫ్ పేరుతో డబ్బు కోస్తున్నారు గానీ ఖాతా నంబరు ఇవ్వలేదు. అదే కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద మా బడికి బెంచీలు ఇచ్చింది. సంతోషమే. కానీ లాభాల్లోంచి సమాజానికి పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్పిన ఆ 2 శాతం ఖర్చు కూలీల డబ్బుకు బదులు కాదు కదా!

ఆడిటర్‌తో విడిగా మాట్లాడితే ఆమె పేరు బయటకు రాకుండా ఉంటుందా? కంపెనీలు ఫిర్యాదులు వినే ఏర్పాటు చేయాలని వ్యాపారం, మానవ హక్కుల మీద 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల్లో ఉంది. కొనుగోలుదారుకు తెలుగులో రాస్తే పట్టించుకుంటారా, లేక ముందు ఇక్కడి పీఎఫ్ ఆఫీసుకు వెళ్లడం మేలా? కూలీలను పెట్టే కాంట్రాక్టర్ పీఎఫ్ కట్టకపోతే ప్లాంటు యాజమాన్యమే కట్టాలి కాబట్టి, అందుకు ఏ కాగితాలు చూపించాలి? ఆమె దగ్గర గేటు పాస్, కూలీ రాసుకున్న నోటుబుక్కు మాత్రమే ఉన్నాయి. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి ఆదివారం లోపు చెప్పండి, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.