అప్‌డేట్: కేబీఆర్ పార్కులో నెమలి కుటుంబం ఫోటో దొరికింది

హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నెమళ్ళను ఫోటో తీయబోతే ప్రతిసారీ పారిపోతున్నాయి, ఏం చేయాలి అని పోయిన వారం అడిగాను. వెంటపడొద్దు, పొద్దున్నే వెళ్ళి ఒకచోట కదలకుండా కూర్చోమని చాలామంది చెప్పారు. అందరికీ థ్యాంక్స్, సరిగ్గా అదే పనిచేసింది.

నిన్న గేటు తెరవగానే లోపలికి వెళ్ళి, దారి పక్కన ఒక బండ మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. తర్వాత పొదల్లోంచి ఆడ నెమలి బయటికొచ్చింది. దాని వెనకాలే నాలుగు పిల్లలు! ఎండుటాకుల రంగులో కలిసిపోయి, కదిలితే తప్ప కనబడటం లేదు. ఒక్కోదానికి తల మీద చిన్న కుచ్చు అప్పుడే మొలుస్తోంది. తల్లి కాలితో ఆకులు గీరుతుంటే, పిల్లలు పరుగున వచ్చి పురుగులు ఏరుకుంటున్నాయి. ఫోన్ పట్టుకున్న నా చేతులు వణికాయి.

తండ్రి కోసం కూడా చూశాను. తర్వాత తెలిసింది, పిల్లల్ని పెంచేది తల్లి ఒక్కతేనట, మగది దగ్గరికే రాదట. పైగా వానాకాలం చివర్లో దాని పింఛం ఈకలు రాలిపోతాయి కాబట్టి, ఇప్పుడు పురి విప్పిన ఫోటో కోసం తిరగడం దండగ.

మొత్తం ముప్ఫై ఫోటోల్లో మూడే బాగొచ్చాయి. నాలుగు పిల్లలూ ఒకే ఫ్రేములో ఉన్నది ఒక్కటే. అది ప్రింట్ వేయించి అమ్మకిచ్చాను.