దౌడు తీస్తే తప్పయ్యే గుర్రప్పందెం

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాను. ఆగస్టులో మెడోలాండ్స్‌లో హాంబుల్టోనియన్ పందెం చూసొచ్చి, ఊళ్లో ఉన్న మావయ్యకి ఫోన్లో "గుర్రాలు ఏం దౌడు తీశాయో!" అన్నాను. పక్కనున్న స్నేహితుడు నవ్వాడు. హార్నెస్ రేసింగ్ అనే ఈ రకం పందెంలో దౌడు తీయడమే తప్పట. మరి ఆ పరుగుని తెలుగులో ఏమనాలి?

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది నిజమేనండీ. అక్కడ గుర్రమెక్కరు, సల్కీ అనే రెండు చక్రాల తేలికపాటి బండిలో కూర్చుని తోలుతారు. అందుకే జాకీ అనరు, డ్రైవర్ అంటారు. మనమూ జట్కా తోలేవాణ్ని రౌతు అనం కదా! (ఫ్రాన్స్‌లో మాత్రం గుర్రమెక్కి ట్రాట్ అనే పరుగు తీయించే పందేలు కూడా ఉన్నాయి.)

అసలు చిక్కు పరుగు దగ్గర. పందాన్ని బట్టి గుర్రం ట్రాట్ గానీ పేస్ గానీ తీయాలి. ట్రాట్‌లో ముందరి కుడికాలు, వెనక ఎడమకాలు కలిసి లేస్తాయి, ఆ తర్వాత రెండో జత. పేస్‌లో ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి కదులుతాయి. గుర్రం ఈ వరస తప్పి దౌడులో (గ్యాలప్‌లో) పడిందా, డ్రైవర్ దాన్ని పక్కకు తీసి, పగ్గాలు బిగించి మళ్లీ దారిలో పెట్టాలి. ఈలోగా మిగతావి దాటిపోతాయి.

మూల నుంచి మూలకి పోతే ‘ఐమూలగా’ అంటాం కదా, ట్రాట్‌ని ‘ఐమూల పరుగు’ అనొచ్చు. పేస్ ‘పక్కవాటు పరుగు’.

ఇంకొకరు: అమరకోశంలో ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అశ్వగతులు ఐదున్నాయి. ధౌరితకం ట్రాటే కదా?

జవాబు: నిఘంటువులు అలాగే చెబుతాయి మాస్టారూ. కానీ ఫోన్లో మావయ్యతో "ధౌరితకం చూశాను" అంటే ఏ గుడికెళ్లావని అడుగుతారు.

మరొకరు: పేసర్ల (పేస్ తీసే గుర్రాల) కాళ్లకు వేసే హాబుల్స్‌ని ‘బంధం’ అందామా?

జవాబు: వద్దండీ. ‘ముందరికాళ్లకు బంధం’ అంటే మనకి కదలనివ్వకపోవడం. ఇవి ఒకే పక్కనున్న ముందుకాలినీ వెనకకాలినీ కలిపే పట్టీలు. అంత వేగంలోనూ వరస తప్పకుండా చూస్తాయి. ‘జోడుపట్టీలు’ నయం.

మీరు చూసిన గుర్రాల జాతి పేరు స్టాండర్డ్‌బ్రెడ్‌ని మాత్రం అనువదించకండి. 1879లో ట్రాట్‌లో మైలుకి 2 నిమిషాల 30 సెకన్లు అని గీటు (స్టాండర్డ్) పెట్టారు, పేరు దాన్నుంచే వచ్చింది. ‘ప్రామాణిక గుర్రం’ అంటే ఐఎస్ఐ మార్కు గుర్తొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మావయ్యకి మళ్లీ ఫోన్ చేసి ఐమూల పరుగు, బండి, తోలడం అన్నీ చెప్పాను. అంతా విని "జట్కా పందెమని ముందే చెప్పొచ్చుగా" అన్నారు.