విజిటర్‌ని ‘సందర్శకుడు’ అంటే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక ఊరు. సాయంత్రాలు నలుగురు డిగ్రీ పిల్లలకు జావా అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతుంటాను. అందులో ప్రోగ్రామ్ రాసే ఒక పద్ధతైన విజిటర్ ప్యాటర్న్ దగ్గరికి వచ్చేసరికి తెలుగు మాట దొరక్క ఆగిపోయాను.

సంగతి ఇది. ప్రోగ్రామ్‌లో ప్యాకేజీ, క్లాస్, మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క), వేరియబుల్ అని రకరకాల ఎలిమెంట్లు, అంటే భాగాలు, ఉంటాయి. వాటి మీద చేయాల్సిన పనిని వాటిలోనే రాయకుండా విజిటర్ అనే వేరే ఆబ్జెక్ట్‌లో రాసి పంపుతాం. ఎలిమెంట్‌లో ఉండే ‘యాక్సెప్ట్’ మెథడ్ ఆ విజిటర్‌ని రానిచ్చి, తను ఏ రకమో దానికి తగిన ‘విజిట్’ మెథడ్‌ని పిలుస్తుంది. 2022 జులై వరదను చూసిన పిల్లలు కాబట్టి, వరద తీశాక నష్టం రాసుకోవడానికి వచ్చే ఎన్యూమరేషన్ వాళ్ళతో పోల్చి చెప్పాను. తాటాకిల్లుకి ఒక లెక్క, అరటితోటకి ఒకటి, పశువుకి ఒకటి. ఇంకోరోజు ఆరోగ్య సిబ్బంది వస్తారు. ఊరు అదే, ఇళ్ళు అవే, వచ్చినవాళ్ళు తెచ్చిన పని వేరు.

మరి వీళ్ళని ఏమనాలి? ‘అతిథి’ అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని వ్యుత్పత్తి చెబుతారు. కానీ అతిథికి మనం చేసిపెడతాం, ఇక్కడ పని చేసేది వచ్చినవాడే. ‘సందర్శకుడు’ అనగానే ఆసుపత్రి గోడ మీద ‘సందర్శన వేళలు’ బోర్డు గుర్తొస్తుంది. ‘విజిట్’ అనే క్రియకి నాకు ‘పలకరించు’ నచ్చింది. ‘యాక్సెప్ట్’కి మాత్రం ‘అంగీకరించు’ వద్దే వద్దు, ‘రానిచ్చు’ చక్కగా సరిపోయింది. మీరేమంటారు?

పాలకొల్లు సభ్యురాలు: మనిషినైతే పలకరిస్తాం, అరటితోటని పలకరిస్తామా అండి? మా ఇంట్లో ‘తోట చూసొస్తా’ అనే అంటారు. ‘చూడు’ ఉండగా వేరే మాట దేనికి?

తణుకు సభ్యుడు: చూడటమంటే కళ్ళతో చూడటమే కదండీ. ఇక్కడ పని జరుగుతోంది కదా?

నేను: పాలకొల్లు అమ్మ మాట విన్నాక రాత్రంతా అదే ఆలోచన. డాక్టర్ రోగిని చూస్తే వైద్యం. గుమాస్తా లెక్కలు చూస్తే పద్దుల పని. పిల్లను చూడటానికి వెళ్తే పెళ్ళి మాట. రైతు చేను చూస్తే నీరు చాలిందా, తెగులేమైనా తగిలిందా అని. క్రియ ఒక్కటే, దేన్ని చూస్తున్నామో దాన్నిబట్టి పని మారిపోతోంది. ప్రోగ్రామింగ్‌లో ఓవర్‌లోడింగ్ అంటామే, అచ్చంగా అదే! ఒకే పేరుతో నాలుగు విజిట్ మెథడ్లు రాస్తే, ఇచ్చిన ఎలిమెంట్ రకాన్నిబట్టి అందులో ఒకటి నడుస్తుంది. మన ‘చూడు’ ఈ పని ఎప్పట్నుంచో చేస్తోంది. ఇంకో మాట: ఇంగ్లీషు విజిట్‌కి మూలమైన లాటిన్ మాట కూడా చూడటం అనే అర్థం నుంచి వచ్చిందే. సందర్శనలోనూ దర్శనం ఉంది. అన్నీ చూపు దగ్గరికే చేరాయి. ‘పలకరించు’ని వదిలేస్తున్నాను.

భీమవరం సభ్యుడు: బాగుందండి. కానీ మా వైపు చేలు రొయ్యల చెరువులయ్యాయి. పాత ఫారంలో చెరువుకి గడి లేకపోతే ఏం చేస్తారు?

నేను: ఈ ప్యాటర్న్‌లో అసలు ఇబ్బంది అదేనండి. కొత్త పని వస్తే కొత్త విజిటర్‌ని రాసుకుంటే చాలు, కొత్త రకం ఎలిమెంట్ వస్తే మాత్రం ఉన్న విజిటర్లన్నీ దిద్దుకోవాలి. జావాలోనే చూడండి, 2017లో జావా 9 వెర్షన్‌తో మాడ్యూల్ అనే కొత్త ఎలిమెంట్ వచ్చింది. దాన్నెరగని పాత విజిటర్లు తెగిపోకుండా, దాన్ని ‘విజిట్ అన్‌నోన్’ అనే మెథడ్‌కి అప్పగించే ఏర్పాటు చేశారు. అక్కడ మనం ఏమీ రాసుకోకపోతే మామూలుగా ఎక్సెప్షన్, అంటే పొరపాటు జరిగిందనే సంకేతం, వస్తుంది. దాన్ని ‘ఎరగనిదాన్ని చూడు’ అందామా?

తణుకు సభ్యుడు: ఒప్పుకున్నాను. మరి విజిటర్‌ని ‘చూపరి’ అంటే?

నేను: మంచి మాటే గానీ, చూపరి గట్టు మీద నిలబడి చూసేవాడండి. మనవాడు లోపలికొచ్చి పని చేయాలి. రేపు పిల్లలకి ‘రానిచ్చు’, ‘చూడు’ చెప్పేస్తాను. వచ్చేవాడిని మాత్రం ప్రస్తుతానికి విజిటర్ అనే ఉంచుతున్నాను.