రింగ్ పెప్టైడ్‌ని మార్చితే క్యాన్సర్ మీద బలం పెరుగుతుందా, పోతుందా?

బ్రాడీపేట, గుంటూరు:
ఎం.ఫార్మసీ రెండో ఏడు. రింగ్ పెప్టైడ్‌లో (అమైనో ఆమ్లాల గొలుసుని వలయంగా చుట్టినది) ఒక నైట్రోజన్‌కి మిథైల్ (ఒక చిన్న కార్బన్ గుంపు) తగిలించాం. రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఐసీ50 (కణాల పెరుగుదలని సగానికి ఆపే మోతాదు; ఎంత తక్కువైతే మందు అంత బలం) తగ్గుతుందనుకుంటే పెరిగింది. ల్యాబ్ సీనియర్లేమో "రింగే గట్టిది, దాన్ని కెలకడం దేనికి" అంటున్నారు. వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. ఈ మార్పులన్నీ దండగేనా?

సూర్యారావుపేట, విజయవాడ:
దండగే తమ్ముడూ. సిలెంగిటైడ్ చూడు. ఐదు అమైనో ఆమ్లాల రింగ్, వాలిన్ మీద మిథైల్. ఇంటెగ్రిన్‌కి (కణాల పైన ఉండే ఒక ప్రొటీన్) బ్రహ్మాండంగా అతుక్కునేది. గ్లయోబ్లాస్టోమా (ఒక రకం మెదడు క్యాన్సర్) రోగులు 545 మందితో మూడో దశ ట్రయల్ చేశారు. 2014లో ఫలితం అచ్చయింది: మామూలు చికిత్సకి ఈ మందు కలిపినా, కలపకపోయినా మధ్యస్థ జీవితకాలం 26.3 నెలలే. మా నాన్నగారికి కీమో చేయించినవాణ్ణి. ఒక్క నెల ఎక్కువ దొరికితే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు.

లక్ష్మీపురం, గుంటూరు:
అన్నా, చదివి బాధేసింది. కానీ అక్కడ ఓడింది మిథైల్ కాదు, ఎంచుకున్న టార్గెట్ (మందు పట్టుకునే ప్రొటీన్) అని నా నమ్మకం. అతుక్కోవడం దాని పని, అది చేసింది.

"రింగే గట్టిది" అన్నమాట అసలు నిలవదు. సొమాటోస్టాటిన్ మన ఒంట్లో ఉండే రింగే: 14 అమైనో ఆమ్లాలు, మధ్యలో సల్ఫర్ వంతెన. రక్తంలో రెండు మూడు నిమిషాల్లో సగం పోతుంది! దాన్ని 8కి కుదించి, రెండు చోట్ల డీ రకం అమైనో ఆమ్లాలు (మామూలువాటికి అద్దంలో ప్రతిబింబాల్లాంటివి) పెట్టి, చివర ఆమ్లం బదులు ఆల్కహాల్ ఉంచితే ఆక్ట్రియోటైడ్ అయింది. ఎంజైములు అంత తేలిగ్గా కొరకలేవు, సగం పోవడానికి గంటన్నర పైనే పడుతుంది. న్యూరోఎండోక్రైన్ కణితులకు (హార్మోన్లు విడిచే కణాల్లో పుట్టేవి) ఇప్పటికీ వాడుతున్నారు. దాదాపు అదే రింగ్‌కి రేడియోధార్మిక ల్యుటీషియం-177 కట్టిన మందుకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక్కడ కణితిని కొట్టేది రేడియేషన్, దాన్ని అక్కడిదాకా మోసుకెళ్లేది రింగ్.

ఇక తమ్ముడూ, మిథైల్ పెట్టిన ఎన్‌హెచ్ (నైట్రోజన్-హైడ్రోజన్ జత) అంతకుముందు టార్గెట్‌తో హైడ్రోజన్ బంధం కట్టేదేమో చూశావా? అదే అయితే బలం పడిపోక ఏమవుతుంది? రింగ్ వంపు మారినా అంతే. పక్క ఎన్‌హెచ్ మీద పెట్టి చూడు. సీరంలో (రక్తంలోని ద్రవభాగం) ఎంతసేపు నిలుస్తుందో కొలిచావా?

సూర్యారావుపేట, విజయవాడ:
నిలబడుతుందంటే ఒప్పుకుంటానమ్మా. నిలబడింది కాబట్టి కణితి తగ్గుతుందంటే మాత్రం ఒప్పుకోను.

లక్ష్మీపురం, గుంటూరు:
నేనూ అలా అనలేదన్నా. నిలబడనిదానికి ఆ అవకాశమే రాదంటున్నాను.

బ్రాడీపేట, గుంటూరు:
సీరం టెస్ట్ చేయలేదక్కా. సోమవారం మిథైల్ ఉన్నదీ లేనిదీ రెండూ పెడతాను. 24 గంటలకి ఏది ఎంత మిగిలిందో హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలో ఏది ఎంతుందో విడదీసి కొలిచే యంత్రం) చూసి ఇక్కడే రాస్తాను.