పాత జేబు కాలిక్యులేటర్ పెట్టెను పగలకుండా తెరవడం ఎలా?

ప్రశ్న – హనుమకొండ నుంచి ఒక సభ్యురాలు

మా తాతగారు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి నడిపిన రోజుల్లో వాడిన జేబు కాలిక్యులేటర్ ఈ మధ్య ఇల్లు సర్దుతుంటే బయటపడింది. అది కాసియో కంపెనీది, రెండు పెన్సిల్ సెల్లతో నడుస్తుంది, అంకెలు ఆకుపచ్చగా వెలిగేవని మా నాన్నగారు చెబుతున్నారు. వెనక అంటించిన కాగితం మీది మోడల్ సంఖ్య చెరిగిపోయింది. కొత్త సెల్లు వేసినా అది వెలగడం లేదు. సెల్లు పెట్టే చోట తెల్లని పొడి కట్టి ఉంది, మీటలు కొన్ని నొక్కితే గరగరమంటున్నాయి. వెనక ఒకే ఒక స్క్రూ కనిపిస్తే తీశాను. కింది అంచు కొద్దిగా కదులుతోంది కాని పై అంచు అసలు కదలడం లేదు. చాకు మొన పెట్టి లేపితే వస్తుందని ఇంట్లో అంటున్నారు. పెట్టె పగలకుండా తెరిచే పద్ధతి దయచేసి తెలియజేయగలరు.

సమాధానం – కరీంనగర్ సభ్యుడు

అమ్మా, పాత ప్లాస్టిక్ బిగుసుకుపోయి ఉంటుంది కనుక ముందు ఒక గంట ఎండలో పెట్టండి. మెత్తబడిన తరువాత సన్నని చాకును సందులో దూర్చి తిప్పితే మూత దానంతట అదే లేస్తుంది. రేడియోలు ఇలాగే తెరుస్తారు.

సమాధానం – కాజీపేట సభ్యుడు (ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలో పనిచేసి విరమించినవారు)

పై సలహాలోని రెండు మాటలతోనూ నేను ఏకీభవించలేను. మన దగ్గర ఎండలో పెట్టిన ప్లాస్టిక్ ఒక వైపు ఎక్కువగా వేడెక్కి వంకర తిరుగుతుంది, వంకర తిరిగిన మూత మళ్లీ సరిగా కూర్చోదు. ఇక చాకు మొన సందులో తిరిగితే అంచు మీద శాశ్వతంగా గాటు పడుతుంది, లోపల తీగ గాని సర్క్యూట్ పలక గాని ఉంటే అదీ తెగుతుంది. పైగా చాకు జారితే మొదట తెగేది మీ అరచెయ్యి.

మీరు చెప్పిన దానిలోనే అసలు సూచన ఉంది. కింది అంచు కదులుతోంది, పై అంచు కదలడం లేదు అంటే, ఆ పై భాగాన్ని ఇంకా ఏదో పట్టి ఉంచుతోందని అర్థం. అది మీకు కనిపించని మరో స్క్రూ అయినా కావచ్చు, లోపలి నుంచి కొక్కెంలా పట్టుకున్న ప్లాస్టిక్ నాలుక అయినా కావచ్చు. అది ఏదో తేలేవరకు బలం ఉపయోగించకండి.

ఆ కాలపు యంత్రాలలో స్క్రూలను దాచే చోట్లు కొన్నే. సెల్లు తీసివేసి ఆ గది అడుగున, మూలల్లో టార్చి వేసి చూడండి. రబ్బరు కాళ్లు ఉంటే వాటి కింద చూడండి. తరువాత వెనక అంటించిన కాగితం మీద గోటితో మెల్లగా నొక్కుతూ పోండి, కింద గుంట ఉన్న చోట కాగితం లోపలికి దిగుతుంది. 1972లో వచ్చిన హ్యూలెట్ ప్యాకార్డ్ హెచ్‌పీ-35 వంటి ఖరీదైన యంత్రంలో కూడా రబ్బరు కాళ్ల కింద, వెనక లేబుల్ కింద స్క్రూలు దాచి పెట్టారు. దానికి భిన్నంగా 1976 నాటి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-30 పెట్టెకు స్క్రూలే ఉండవు, రెండు సగాలూ ఒకదానిలో ఒకటి నొక్కుకుని పట్టి ఉంటాయి. మీ యంత్రంలో ఒక స్క్రూ దొరికింది కనుక, బహుశా అది ఈ రెంటికీ మధ్యరకం, అంటే ఒక చివర స్క్రూలూ మరో చివర కొక్కేలూ ఉన్న పెట్టె కావచ్చు.

కాగితాన్ని పూర్తిగా ఊడబెరకనవసరం లేదు. జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని తక్కువ వేడిలో ఉంచి, దూరం నుంచి కొద్దిసేపు గాలి తగిలిస్తే జిగురు సడలుతుంది. అప్పుడు ఒక మూలను మాత్రమే లేపి కింద స్క్రూ ఉందో లేదో చూసి మళ్లీ అతికించవచ్చు. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి చాలు, అంతకు మించితే ప్లాస్టిక్‌కు ప్రమాదం.

స్క్రూ డ్రైవర్ విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. జపాన్ యంత్రాలలో వాడే నక్షత్రం స్క్రూ చూడడానికి మామూలు ఫిలిప్స్ స్క్రూ లాగే ఉంటుంది కాని దాని గాడి కొలత వేరు. సరిపోని మొన పెట్టి తిప్పితే అది పైకి ఎగదన్ని స్క్రూ తలను అరగదీస్తుంది, అరిగిన తలతో ఉన్న చిన్న స్క్రూను తీయడం అన్నిటికన్నా కష్టమైన పని. గడియారాలు బాగుచేసేవారి దగ్గర ఉండే చిన్న స్క్రూ డ్రైవర్లలో గాడిలో వదులు లేకుండా కూర్చునే దానిని ఎంచుకుని, గట్టిగా కిందికి నొక్కి పట్టి మెల్లగా తిప్పండి. తీసిన ప్రతి స్క్రూనూ, అది ఏ మూలదో గుర్తు తెలిసేలా కాగితం మీద పెట్టె బొమ్మ గీసి దానికే గుచ్చి ఉంచండి. వాటి పొడవులు ఒకేలా ఉండకపోవచ్చు. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడుగుది బిగిస్తే అది ముందు వైపు మూతను చీల్చుకుని బయటికి వస్తుంది.

స్క్రూలన్నీ వచ్చాయని నిశ్చయించుకున్న తరువాత, యంత్రాన్ని మీటలు కిందికి ఉండేలా మెత్తని గుడ్డ మీద బోర్లా పెట్టండి. ఇది తప్పనిసరి, ఎందుకంటే కొన్నింటిలో మీటలు విడివిడిగా గుంటల్లో కూర్చుని ఉంటాయి, వెల్లకిలా తెరిస్తే అవి చెల్లాచెదురైపోతాయి. కదులుతున్న కింది అంచులో పాత ఏటీఎం కార్డు మూలను గాని, గిటారు వాయించే ప్లాస్టిక్ బిళ్లను గాని దూర్చి, పక్క అంచు వెంబడి నెమ్మదిగా జరుపుతూ పోండి. కార్డు ఆగిన చోట కొక్కెం ఉన్నట్టు. అక్కడ పైకి లేపకుండా, మూత గోడను వేలితో కొద్దిగా లోపలికి నొక్కితే కొక్కెం విడుతుంది. మెత్తని టక్కు శబ్దం వినిపిస్తే విడినట్టే. అటువంటి శబ్దం రాకుండా ప్లాస్టిక్ తెల్లగా పాలిపోతూ వంగితే వెంటనే ఆపండి, అది విరగబోతున్నదన్న గుర్తు.

మూత విడివడగానే పూర్తిగా లాగకండి. సెల్లు పెట్టే భాగం నుంచి ఎర్ర, నల్ల తీగలు సర్క్యూట్ పలకకు అతికి ఉంటాయి, అవి చాలా పొట్టిగా ఉంటాయి. వేలెడు సందు మాత్రమే చేసి, లోపలికి చూసి, తీగలు ఏ వైపున ఉంటే ఆ వైపును కీలుగా భావించి తెరవండి. జారుడు స్విచ్ మీది బొత్తం ఊడి పడే అవకాశమూ ఉంది, దానిని కిందికి జారనివ్వకుండా చూసుకోండి.

ఆకుపచ్చ అంకెలు అన్నారు కనుక అది వాక్యూమ్ ఫ్లోరొసెంట్ తెర. అది గాలి తీసివేసిన గాజు గొట్టం, దాని ఒక చివర గాజును మూసిన సన్నని మొన ఉంటుంది. అది విరిగితే గాలి లోపలికి పోయి తెర ఇక పనికిరాదు, మరో తెర దొరకడం గగనం. రెండు సెల్ల మూడు వోల్టులతో ఆ తెర వెలగదు కనుక లోపలి చిన్న సర్క్యూట్ దానిని సుమారు 20 నుంచి 30 వోల్టుల దాకా పెంచుతుంది. ప్రాణాపాయం కలిగించేంత శక్తి అందులో లేదు, అయినా సెల్లు తీసి, స్విచ్ వేసి ఉంచి, కొన్ని నిమిషాలు ఆగిన తరువాతే వేళ్లు పెట్టండి. నైలాన్ చీర గాని ఉన్ని దుస్తులు గాని ధరించి ఈ పనికి కూర్చోవద్దు. పొడి చలికాలంలో మన ఒంటి మీది స్థిర విద్యుత్తు ఆ కాలపు చిప్పులను పాడుచేయగలదు. ముందుగా ఇనుప గొట్టంతో ఉన్న నల్లాను ఒకసారి ముట్టుకుని మొదలు పెట్టడం మంచి అలవాటు.

చివరగా, పెట్టె తెరవవలసిన అవసరమే రాకపోవచ్చు. ఆ తెల్లని పొడి సెల్లు కారిన గుర్తు. మొదట పొడి బ్రష్‌తో దానిని రాల్చి, దూది పుల్లను తడిపి స్ప్రింగులను, రేకులను తుడవండి. ఆల్కలైన్ సెల్లు కారిన మరక క్షారం కనుక దానికి ఒక చుక్క వెనిగర్ పనిచేస్తుంది. పాత జింక్-కార్బన్ సెల్లు కారితే అది ఆమ్ల స్వభావం కలది, దానికి నీళ్లలో కలిపిన వంటసోడా వాడాలి. రేకులను గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి, పై పూత పోతే తుప్పు మరింత తొందరగా పడుతుంది. పెన్సిల్ రబ్బరు చాలు. అప్పటికీ వెలగకపోతేనే తెరవండి.

ప్రశ్నించిన సభ్యురాలు

చాలా కృతజ్ఞతలు సార్. రేకులు శుభ్రం చేసినా వెలగలేదు. మీరు చెప్పినట్టు గోటితో నొక్కి చూస్తే కాగితం కింద పై మూలలో గుంట దొరికింది, అందులో రెండో స్క్రూ ఉంది. అది తీయగానే కార్డు పక్క అంచుల వెంట సులువుగా జరిగింది, రెండు చోట్ల టక్కుమని విడింది. లోపల ఎర్రని మిర్చి దుమ్ము పొరలా పేరుకుని ఉంది. సెల్లు పెట్టే చోటు నుంచి వచ్చే నల్ల తీగ అతుకు దగ్గర పచ్చగా చిలుము పట్టి ఊడిపోయింది. దుమ్మును నోటితో ఊదవచ్చా?

సమాధానం – కాజీపేట సభ్యుడు

ఊదకండి. మిర్చి ఘాటు కంట్లో పడుతుందన్న భయం ఒకటైతే, నోటి తడి సర్క్యూట్ పలక మీద పడడం రెండోది. మూతికి గుడ్డ కట్టుకుని, మెత్తని రంగుల కుంచెతో దుమ్మును ఒక పక్కకు తుడిచి తడి గుడ్డతో ఎత్తివేయండి. గరగరమనే మీటల అడుగున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన దూది పుల్ల సరిపోతుంది. దానిని ముందువైపు అక్షరాల మీద రుద్దితే రంగు పోతుంది, జాగ్రత్త. తీగ చివర పచ్చదనం ఉన్నంత మేర కత్తిరించి, మెరిసే రాగి కనబడిన తరువాత అతికించాలి. మీకు సోల్డరింగ్ అలవాటు లేకపోతే, తెరిచిన యంత్రాన్ని అలాగే గుడ్డలో చుట్టి హనుమకొండ చౌరస్తాలో మొబైల్ ఫోన్లు బాగుచేసేవారి దగ్గరికి తీసుకువెళ్లండి. నల్ల తీగ ఒక్కటి మాత్రమే అతికించమని, సర్క్యూట్ పలక మీద వేడి ఎక్కువసేపు ఉంచవద్దని చెప్పండి.

మూత మూసేముందు రెండు తీగలూ స్క్రూ స్తంభాల మీదుగా పోకుండా సర్దండి, లేకపోతే బిగించినప్పుడు నలిగి తెగుతాయి. కొక్కేలున్న వైపు ముందు కూర్చోబెట్టి, తరువాత స్క్రూలు పెట్టండి. ప్లాస్టిక్‌లో దిగే స్క్రూను మొదట వెనక్కి, అంటే ఎడమ వైపుకు తిప్పండి. పాత గాడిలో అది చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు కుడి వైపుకు తిప్పి బిగించండి. అలా చేయకుంటే ప్రతిసారీ కొత్త గాడి కోసుకుపోయి స్క్రూ ఇక పట్టదు. తల ఆగగానే చెయ్యి తీసివేయండి, మరో పావు చుట్టు కోసం ప్రయత్నించకండి.