కాలేజీ ఎన్నికలు మళ్లీ పెట్టాలా, వాట్సాప్ గ్రూపుల రాజకీయం చాలదా?

లాస్ట్‌బెంచ్_లక్ష్మణుడు:
బీటెక్ మూడో ఏడు. మా క్లాసుకి ప్రతినిధిని, అదే సీఆర్‌ని తేల్చే పని వారం నుంచి నడుస్తోంది. ఎప్పుడూ అయితే మా డిపార్ట్‌మెంట్ పెద్ద హెచ్‌ఓడీ గారు టాపర్‌ని లేపి "వీడే మీ సీఆర్" అంటే అయిపోయేది. ఈసారి "మీరే తేల్చుకోండి" అన్నారు. మావల్ల కాదని ఆయనకు ముందే తెలుసనుకుంటా.

వాట్సాప్‌లో పోల్ పెట్టాం. పేర్లు రెండు, మూడో ఆప్షన్ బిర్యానీ. సాయంత్రానికి బిర్యానీ ఆధిక్యంలో ఉంది. ఇంతలో ఎవడో ఓట్ల వివరాలు తెరిచి, ఎవరెవరు ఎవరికి వేశారో స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టాడు. రాత్రి పదికల్లా సగం మంది ఓట్లు మార్చేసుకున్నారు. ఒకే రూములో ఉండే ఇద్దరు మాటలు మానేశారు. అడ్మిన్ గారు 'ఓన్లీ అడ్మిన్స్' పెట్టేసి పడుకున్నాడు. ఇది ఎమర్జెన్సీ అంటూ ఇంకొకడు వేరే గ్రూపు తెరిచాడు. అక్కడ అడ్మిన్ వాడొక్కడే.

నేననేదేమిటంటే, ఉమ్మడి రాష్ట్రంలో 1980ల చివర్లో కాలేజీ ఎన్నికలు ఆపేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1989లో, దేశమంతా ఓటు వయసు 21 నుంచి 18కి దించారు. అంటే ఎమ్మెల్యేని ఎన్నుకునే తెలివి నాకుంది, మెస్ సెక్రటరీని ఎన్నుకునే తెలివి లేదు! ఎన్నికలు ఆగాయి కానీ రాజకీయం ఆగిందా? గ్రూపుల్లోకీ మీమ్ పేజీల్లోకీ దూరింది. అక్కడ రహస్య బ్యాలెట్ లేదు, పదవీకాలం లేదు, అడ్మిన్‌ని దించే దారి అసలే లేదు. ఎన్నికలు మళ్లీ పెట్టాలి.

ఓల్డ్‌బాయ్_తార్నాక:
బాబూ, నవ్వుకోవడానికి బాగుంది. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లోనే విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని పొడిచి చంపారు. నేను చదివింది ఆ తర్వాత చాలా ఏళ్లకి, అయినా నామినేషన్ అనే మాట వింటే మా అమ్మ అన్నం ముట్టేది కాదు. మీకు స్క్రీన్‌షాట్ పెడితే రూమ్మేట్ మాట్లాడడు, అంతేగా. మా రోజుల్లో సైకిల్ చైన్లు మాట్లాడేవి. వెంకయ్యనాయుడు గారి లాంటివాళ్లు విద్యార్థి సంఘాల నుంచే పైకొచ్చారు, కాదనను. రానివాళ్ల లెక్క ఎవరు చెప్తారు? మీ బిర్యానీనే గెలవనివ్వండి.

గచ్చిబౌలి_అక్క:
బాబాయ్ గారూ, మా సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి కదా. గొడవలు లేవని చెప్పను, చదువులు మాత్రం మూతపడలేదు. మీరు చెప్పే రోజుల తర్వాత, విద్యార్థి ఎన్నికలు ఎలా జరపాలో చెప్పడానికి లింగ్డో కమిటీ వచ్చింది. దాని సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. 75 శాతం హాజరు ఉండాలి. అచ్చేసిన పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే. మైకులు, బండ్లు, జంతువులతో ప్రచారం నిషేధం. జంతువుల మాట ఎందుకొచ్చిందో, ఎక్కడ ఎవరు గుర్రమెక్కి ఓట్లడిగారో నాకిప్పటికీ సందేహమే.

ఓసారి హాస్టల్ వరండాలో చార్టులు పరిచి రాత్రంతా పోస్టర్లు రాశాం. రంగు ఆరకముందే హాస్టల్ కుక్క మా అభ్యర్థి పేరు మీద నుంచి నింపాదిగా నడిచిపోయింది. ఎర్ర పాదాలు 'ర' దగ్గర మొదలై మెట్ల దాకా ఉన్నాయి. పొద్దున్నే ఎదుటి ప్యానెల్ వాళ్లు వచ్చి, ఇది జంతువులతో ప్రచారం కిందికొస్తుందని వాదన. ఆ పోస్టర్ తీసేశాం కూడా.

మీమ్_మాస్టారు:
ఎన్నికలెందుకండీ. మా మెస్‌లో ఇడ్లీ మారింది మా పేజీ వల్ల. యూనియన్ ఉంటే వినతిపత్రం, దాని మీద కమిటీ, ఈలోపు సెమిస్టర్ అయిపోయేది. మేం ఇడ్లీని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి "ఫ్లోరింగ్ టైల్స్, చదరపు అడుగు ఎంత?" అని పెట్టాం. ప్రిన్సిపాల్ గారి ఇంట్లోవాళ్ల దాకా వెళ్లింది. మర్నాడే మెత్తటి ఇడ్లీ.

లాస్ట్‌బెంచ్_లక్ష్మణుడు:
మాస్టారూ, ఇడ్లీకి దండం. కానీ అలాంటి పేజీల్లోనే 'కన్ఫెషన్' పేరుతో మా జూనియర్ అమ్మాయి మీద చెత్త రాశారు. తీయించడానికి ఎవర్ని అడగాలో ఎవరికీ తెలియలేదు. పేజీ నడిపేది ఎవరో తెలిస్తేగా! యూనియన్ ప్రెసిడెంట్ తప్పు చేస్తే కనీసం రూమ్‌కి వెళ్లి తలుపు కొట్టొచ్చు.

మీమ్_మాస్టారు:
అది మా పేజీ కాదు.

గచ్చిబౌలి_అక్క:
మాస్టారూ, అందరు అడ్మిన్లూ ఇదే అంటారు.

ఓల్డ్‌బాయ్_తార్నాక:
సరే, పెట్టుకోండి. పార్టీ జెండాలు లేకుండా పెట్టుకోండి. అప్పుడు నాకు అభ్యంతరం లేదు.

గచ్చిబౌలి_అక్క:
పార్టీల డబ్బు విద్యార్థి ఎన్నికల్లోకి రాకూడదని లింగ్డో కూడా అంది బాబాయ్ గారూ. కానీ జెండా తీసేస్తే ఓటు దేన్ని చూసి వేస్తారో మీకు నేను చెప్పాలా? ముందు ఇంటిపేరు అడుగుతారు, తర్వాత జిల్లా, తర్వాత ఏ హీరో ఫ్యాన్ అని. నాకైతే జెండానే నయం. దాని కింద నిలబడ్డవాణ్ణి ఫీజుల మీద నీ మాటేంటని నలుగురిలో అడగొచ్చు. ఇంటిపేరుని ఏం అడుగుతాం?

ఓల్డ్‌బాయ్_తార్నాక:
దీనికి నా దగ్గర జవాబు లేదు. అలాగని చైన్ల సంగతి మర్చిపోలేను కూడా.

లాస్ట్‌బెంచ్_లక్ష్మణుడు:
తాజా వార్త: పేరు రేపటికల్లా ఇవ్వకపోతే తానే ఎంచుతానన్నారు సార్. చీటీల మీద రహస్య ఓటుకి రెండు వర్గాలూ ఒప్పుకున్నాయి. లెక్కపెట్టడానికి పక్క సెక్షన్ వాళ్లని పిలుద్దామంటే "వాళ్లెవరు మన ఆంతరంగిక విషయాల్లో" అని గొడవ మొదలైంది. అక్కా, మీ దగ్గర ఓట్లు ఎవరు లెక్కపెడతారు?